పదడుగుల ఆర్డరు

క్యాంపుకు చేరింది అక్టోబరులో, మధ్యాహ్నం మూడు గంటల నలభై నిమిషాలకు. మస్కట్‌లోని రూవి నుంచి పొద్దున అయిదున్నరకు బయల్దేరిన కంపెనీ బస్సు హైమా అనే ఊరు దాటాక తారురోడ్డు వదిలేసి, కంకర నేల మీద ఇంకో డెబ్బై కిలోమీటర్లు నడిచింది. దిగి చుట్టూ చూశాను. చెట్టు లేదు, గుట్ట లేదు. మా ఒంగోలు దగ్గర బీచిలో నిలబడితే సముద్రం చివర కనిపించే గీత ఇక్కడ నాలుగు వైపులా నేల మీదే ఉంది. ఎండ నలభై ఒక డిగ్రీలు. గాలి దక్షిణం నుంచి.

పద్నాలుగు పోర్టా క్యాబిన్లు, రెండు నీళ్ళ ట్యాంకులు, ఒక జనరేటరు, ఒక రేడియో స్తంభం. నాకిచ్చిన మంచం ఆరో క్యాబిన్‌లో. బ్యాగు పెట్టగానే బండి చెక్ చేసుకున్నాను, అది నా అలవాటు. ఫోర్ వీల్ అంబులెన్సు ఒకటి, స్ట్రెచరు ఒకటి, ఆక్సిజన్ సిలిండర్లు రెండు, మందుల ఐస్‌పెట్టె, స్టెప్నీలు రెండు, ఇసుకలో దిగబడితే వేసే రేకులు నాలుగు, తాగే నీళ్ళు అరవై లీటర్లు. జాక్ లేదు. అడిగితే రేపొస్తుందన్నారు. రేపటిదాకా ఆగే రకం కాదు నేను. ఆ సాయంత్రమే పక్క బండిలోది పట్టుకొచ్చి పెట్టుకున్నాను.

పందొమ్మిదేళ్ళు భారత సైన్యంలో నర్సింగ్ అసిస్టెంటుగా చేసి హవల్దారుగా బయటికొచ్చినవాణ్ణి. మా వీధిలోవాళ్ళు సైన్యం కబుర్లు చెప్పమని కూర్చోబెడితే కాల్పుల గురించి అడుగుతారు. నేను కాల్పులు విన్నదే తక్కువ. వాంతులు, విరేచనాలు, మంచు కరిచిన కాలివేళ్ళు, అవీ నా యుద్ధాలు. పైగా నేను మర్చిపోలేని డ్యూటీ యూనిఫాం విప్పాక చేసింది. తొమ్మిది నెలలు. అందులో తూటా లేదు. తప్పు మాత్రం ఉంది. అది నాది.

ఆ కంకర మైదానం హరాసీస్ అనే తెగవాళ్ళది. మేకలు, ఒంటెలు మేపుకుంటారు. వాళ్ళకు అరబ్బీ కాక సొంత భాష ఒకటుంది. వానంటే ఏళ్ళకోసారి. చలికాలం తెల్లవారుజామున సముద్రం వైపు నుంచి పొగమంచు వస్తుంది. ఆ తడికే గడ్డి మొలుస్తుంది, ఆ గడ్డికే మేకలు బతుకుతాయి, ఆ మేకల పాలకే మనుషులు. తగవులొస్తే వాళ్ళలో వాళ్ళే కూర్చుని తేల్చుకుంటారు. వాళ్ళు ఒప్పుకున్న పెద్దను రషీద్ అంటారు. అతని మాటను సర్కారు పంపిన అధికారి, వలీ అంటారు, అతను కూడా వింటాడు. చమురు కోసం బావులు తవ్వడానికి వచ్చిన మా కంపెనీ ఆ పెద్దతో ఒప్పందం చేసుకుంది. తవ్వినన్నాళ్ళు నీళ్ళ ట్యాంకరు, వారానికి మూడు రోజులు వైద్యం బండి. ఆ బండి మీదే నా డ్యూటీ.

బండిలో ముగ్గురం. సీనియర్ మెడిక్, నేను, డ్రైవరు. క్యాంపులో రేడియో ఆపరేటరు.

సీనియర్‌ది కెనడా. అక్కడి మైదానాల్లో, సస్కచ్వాన్ అనే చోట, తెల్లవాళ్ళు రాకముందు నుంచి ఉన్న క్రీ జాతివాడు. యాభై రెండేళ్ళు, ఆరడుగులు, నెరిసిన జుట్టు వెనక్కి జడ అల్లుకుంటాడు. అతనూ వాళ్ళ దేశపు సైన్యంలో చేసొచ్చినవాడే. కానీ తీరు చూస్తే అలా ఉండదు. ఏదీ తొందరగా చేయడు. డ్రైవరు హరాసీస్ మనిషే, రషీద్‌కు మేనల్లుడు. ఉర్దూ, హిందీ కలిపి బాగా మాట్లాడతాడు. ఆపరేటరు జగిత్యాలవాడు. మేస్త్రీ పనికి వచ్చి, చెవి చురుకని రేడియో గదికి మార్చారట.

మొదటి ట్రిప్పులోనే సీనియర్ మూడు ఆర్డర్లిచ్చాడు. డేరాకు యాభై గజాల దూరంలో ఇంజిను ఆపాలి. ఎవరైనా ఎదురొచ్చేదాకా దిగకూడదు. కాఫీ తాగేదాకా కాగితం తీయకూడదు. నాకు ఒళ్ళు మండింది. రోజుకు ఆరు డేరాలు చూడాలి, ఒక్కోచోట గంట కాఫీకే పోతే ఎలా? అడిగాను. "తొందరపడి తాగితే నోరు కాలుతుంది," అన్నాడు. అంతే సమాధానం.

కాఫీ కంటే ముందు వాళ్ళకు కబురు ఉంటుంది. అతిథి కూర్చోగానే ఇంటివాళ్ళు కబురేమిటని అడుగుతారు. ఏ కబురూ లేదు, అంతా క్షేమం అనాలి. ఇంట్లో పీనుగ ఉన్నా సరే, ముందు ఆ మాటే. తర్వాత ఖర్జూరం, కాఫీ. మూడో గిన్నె తాగి, చాలని గిన్నె ఊపి ఇచ్చాక అసలు కబురు మొదలవుతుంది. ఎక్కడ మంచు కురిసింది, ఎవరి ఒంటె తప్పిపోయింది, ఎవరికి జబ్బు చేసింది. విన్నవాడు దాన్ని తర్వాతి డేరాకు ఉన్నదున్నట్టు మోసుకుపోవాలి. ఇదేం కాలక్షేపం రా బాబూ అనుకున్నాను.

డిసెంబరులో సీనియర్‌కు జ్వరం వచ్చింది. బండి నా చేతికొచ్చింది. ఆ రోజు నీళ్ళ ట్యాంకరు దగ్గర ముప్పైమంది దాకా చేరారు. మంచు ఇంకా విడలేదు, ఎనిమిదింపావు. ఇదే అదననుకున్నాను. అందర్నీ వరసలో కూర్చోబెట్టాను. మిలిటరీలో పొద్దున్నే జబ్బుపడ్డవాళ్ళను వరసలో నిలబెట్టి పేరు, జబ్బు, ఆర్డరు గట్టిగా చదువుతాం. సైనికుడికి అందులో సిగ్గేమీ లేదు. నేనూ అలాగే చదవడం మొదలెట్టాను.

అయిదో పేరు డ్రైవరు పిన్నిది. రషీద్‌కు చెల్లెలు. అరవై దాటిన మనిషి, ముఖానికి నల్లటి ముసుగు. అందరూ పిలిచినట్టే నేనూ ఆమెను ఖాలా, అంటే పిన్ని, అనేవాణ్ణి. రెండు నెలల దగ్గు. హైమా ఆసుపత్రి నుంచి తెమడ పరీక్ష రిపోర్టు ముందురోజే వచ్చింది. క్షయ.

ఆ మాటను నేను ముప్పైమంది ముందు గట్టిగా చదివాను. పక్కనే ఆమె కూతురు నలభై రోజుల ఆడపిల్లను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నేను వేలెత్తి చూపించి ఆర్డరిచ్చాను. పాప దగ్గరకు వెళ్ళొద్దు. ఎవరికైనా పది అడుగుల దూరంలో ఉండాలి. నేను చెప్పేదాకా ఇంతే.

డ్రైవరు ఆ మాటను తర్జుమా చేయడానికి తటపటాయించాడు. నేను గదమాయించాను. చేశాడు.

ఖాలా లేచింది. జనం నుంచి నడుచుకుంటూ పక్కకు వెళ్ళింది. పది అడుగులు. అక్కడ ఒక నిమిషం నిలబడి, మేకల్ని అదిలించి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది. నేను తర్వాతి పేరు చదివాను.

రెండు రోజుల తర్వాత మందులు తీసుకుని వెళితే ఆ చోట డేరా లేదు. బూడిద, టైర్ల గుర్తులు, విరిగిన ప్లాస్టిక్ బకెట్టు. క్షయ మనిషి మందు లేకుండా తిరిగితే ఏమవుతుందో చెప్పడానికి డాక్టరు అక్కర్లేదు. ఆమె ఏడాదిలో పోతుంది. అంతకంటే ముందు పాప పోవచ్చు. బండి చుట్టూ నాలుగుసార్లు తిరిగాను. నా నోరే నాకు శత్రువైందని అప్పటికి అర్థమైంది.

సీనియర్ తిట్టలేదు. తిడితే బాగుండేది. టీ పోసిచ్చి వాళ్ళ అమ్మమ్మ సంగతి చెప్పాడు. వాళ్ళ జాతివాళ్ళకు సర్కారు గీత గీసి ఇచ్చిన నేలను రిజర్వు అంటారు. ఒకప్పుడు అక్కడికి ఎక్స్‌రే బండి వచ్చేదట. ఛాతీలో మచ్చ కనిపిస్తే ఆ పూటే రైలెక్కించేవారు. అమ్మమ్మను అలాగే క్షయ ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ఇంట్లోవాళ్ళకు తెలియని భాషలో ఒక చీటీ ఇచ్చారు. ఆమె అక్కడే పోయింది. సమాధి ఎక్కడుందో వాళ్ళమ్మ పెద్దయ్యాక గానీ తెలియలేదు.

"ఆ బండిలో నర్సు మంచిదేనట. మా అమ్మకు బిస్కట్ కూడా ఇచ్చిందట," అన్నాడు. "ఎవరూ అడగలేదు, అంతే. రావడం నీకు ఇష్టమేనా అని ఎవరూ అడగలేదు."

రషీద్ అయిదు రోజులకు కబురంపాడు. పడమటి వైపు నలభై కిలోమీటర్ల అవతల డేరాలో పెద్దలు కూర్చుంటున్నారు, రండి అని. పొద్దున తొమ్మిదికి చేరాం. యాభై గజాల దూరంలో ఇంజిను ఆపాం. పదిహేనుమంది ఉన్నారు, ఆడవాళ్ళు కూడా. ఖాలా పది అడుగుల అవతల, గాలి వాలున, విడిగా కూర్చుంది. సీనియర్ జేబులోంచి చిన్న గుడ్డమూట తీసి ఆమెకూ మాకూ మధ్య పెట్టాడు. అందులో పొగాకు. వాళ్ళ జాతిలో పెద్దల్ని ఏదైనా అడగాలంటే ముందు పొగాకు పెట్టాలట. ఖాలా లేచొచ్చి దాన్ని తీసుకుని, తన చోటికి వెళ్ళి వాసన చూసి, తుమ్మి, అన్నగారి వైపు విసిరింది. పదిహేనుమందీ నవ్వారు. అందరికంటే ఎక్కువ సీనియరే నవ్వాడు.

కబురేమిటన్నారు. ఏ కబురూ లేదు, అంతా క్షేమం అన్నాను. ఖర్జూరం. కాఫీ. నా జీవితంలో అంత మెల్లగా ఎప్పుడూ తాగలేదు. మూడో గిన్నె ఊపి ఇచ్చాక నా కబురు చెప్పాను. ఒకరి ఒంట్లో జబ్బు ఆ మనిషి చెవిలో చెప్పాల్సింది, నేను ఊరందరిలో చెప్పాను, తప్పు నాదే అన్నాను. డ్రైవరు తర్జుమా చేస్తుంటే తలెత్తలేకపోయాను.

తర్వాత రెండు గంటలు ఒక్కొక్కరే మాట్లాడారు. ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు అందుకోలేదు. ఆసుపత్రి డాక్టరు రెండు వారాలు చేరమన్న సంగతి సీనియర్ చెప్పాడు. మేకలు ఎవరు పితుకుతారని ఒకామె అడిగింది. కూతురు ఏదో అంటూ ఏడ్చింది. ఆమెను ఎవరూ ఓదార్చనూ లేదు, ఆపనూ లేదు. అయ్యేదాకా ఆగారు. రషీద్ అందరి తర్వాత మాట్లాడి, చెల్లెలి వైపు తిరిగి, నిర్ణయం నీదే అన్నాడు. మా పంచాయితీల్లో ఇలాంటిది నేను చూడలేదు.

ఖాలా నా వైపు చూసింది. ఆమె మొదటిసారి నన్ను అస్కరీ అన్నది అప్పుడే. అస్కరీ అంటే సిపాయి.

"ఆసుపత్రికి రాను. ఇక్కడే మింగుతాను. నువ్వు పది అడుగులన్నావు. నువ్వు చెప్పేదాకా అన్నావు. ఆ మాట నేను ఉంచుతాను. మందు తప్పకుండా వచ్చే మాట మీరు ఉంచండి."

సీనియర్ నా కంటే ముందే తలూపాడు. డాక్టరు ఫోన్లో ఒప్పుకున్నాడు. పాపను ఆసుపత్రిలో చూపించి, దానికివ్వాల్సిన మందు ఇప్పించాం.

ఆరు నెలల కోర్సు. రెండు నెలలు నాలుగు మందులు, తర్వాత నాలుగు నెలలు రెండు. రోజూ పరగడుపున, పాలు తాగకముందు. మూత్రం ఎర్రగా వస్తుంది, భయపడొద్దని ఈసారి చెవిలో చెప్పించాను. మా బండి వెళ్ళే మూడు రోజులు నా ఎదుట మింగేది. మిగతా రోజుల కోసం కూతురి దగ్గర ఒక హ్యాండ్‌సెట్ పెట్టాం. పొద్దున ఆరూ నలభైకి రేడియోలో చెప్పాలి. ఆపరేటరు రాసుకుని నాకు చెప్పేవాడు.

"అన్నా, ఖాలా గోలీలు మింగిందట. మంచు మస్తు కురిసిందట. నల్లమేక ఈనిందట, రెండు పిల్లలట. గోలీల ముచ్చట ఒక్క మాటే చెప్తది గని, మిగతదంత మేకలదే."

రాయాల్సింది మాత్రలు ఒక్కటే అన్నాను. ఆపరేటరు వినలేదు. మేకల కోసం పక్కన ఇంకో గడి గీసుకున్నాడు. జనవరి చివరికల్లా క్యాంపులో వంటవాడితో సహా అందరికీ ఆ నల్లమేక సంగతి తెలుసు. ఖాలా దగ్గు తగ్గింది. బుగ్గలు కాస్త నిండాయని కూతురు చెప్పింది. నేను వెళ్ళినప్పుడల్లా ఆమె పది అడుగుల అవతల కూర్చుని, గాలి మారితే తనూ చోటు మార్చుకునేది. అలాంటి క్రమశిక్షణ నా పటాలంలో కుర్రాళ్ళకు ఉండి ఉంటే నాకు సగం బీపీ వచ్చేది కాదు.

ఫిబ్రవరిలో సముద్రం వైపు వాన పడింది. నూటతొంభై కిలోమీటర్ల అవతల పచ్చిక లేచిందని కబురొచ్చింది. వాన పడినప్పుడు కదలకపోతే మేకలు ఎండిపోతాయి. వెళ్తే రేడియో అందదు. కంపెనీ హద్దు దాటి మా బండి వెళ్ళకూడదు, అది రూలు. ఆమెకు ఇంకా నాలుగు నెలల మందు మిగిలుంది.

సీనియర్ తేలిగ్గా చెప్పాడు. నాలుగు నెలలదీ పెట్టెలో పెట్టి ఆమెకే ఇచ్చేద్దామని, డాక్టరును తను అడుగుతానని. నేను ససేమిరా అన్నాను. సైన్యంలో మూడు రోజుల మాత్రలు చేతికిస్తే పరుపు కింద తోసేసిన జవాన్లను చూశాను. కళ్ళ ముందు మింగాలి, నోరు తెరిచి చూపించాలి. అప్పుడే సంతకం పెడతాను. పైగా సగంలో ఆపితే మందుకు లొంగని క్షయగా మారుతుంది. ఆ పాపం నా సంతకానికి వద్దన్నాను.

అతను బండి నీడలో కూర్చుని బూటు లేసులు కట్టుకుంటూ మొదలెట్టాడు. వాళ్ళ ముత్తాతల కాలంలో ఇంగ్లాండు రాణిగారి మనుషులతో ఒప్పందం జరిగిందట. నేల పోతోంది, అడవిదున్నలు పోయాయి, మశూచి ఊళ్ళను ఊడ్చేసింది. అప్పుడు వాళ్ళ పెద్దలు అడిగిన వాటిలో ఒకటి మందుల పెట్టె. జనం వాడుకోవడానికి సర్కారు ఏజెంటు ఇంట్లో ఒక మందుల పెట్టె ఉండాలని. ఒప్పందంలో రాశారు కూడా.

"పెట్టె వచ్చింది. కానీ తాళంచెవి ఏజెంటు జేబులో ఉండేది," అన్నాడు. "మేం సరిగ్గా వాడుకోలేమని. వందేళ్ళు అదే మాట. ఇప్పుడు మా ఊరి ఆసుపత్రిని మా కౌన్సిలే నడుపుతుంది. మా చెల్లెలు అక్కడ హెడ్ నర్సు. తాళంచెవి మెడలో వేసుకుని తిరుగుతుంది. స్నానానికి కూడా తీయదు."

సరేనన్నాను. ఖాలా ఆ పది అడుగుల మాట రెండు నెలలుగా ఒక్కసారి తప్పలేదు. మాట నిలబెట్టుకునే మనిషిని పక్కన పెట్టుకుని నేను పరుపు కింద మాత్రల గురించి మాట్లాడుతున్నాను.

సీనియర్ డాక్టరుతో మాట్లాడి, ఒప్పించి, ఆ మధ్యాహ్నమే సెలవు మీద వాళ్ళ ఊరు వెళ్ళిపోయాడు. పని నా చేతిలో పెట్టాడు. పచ్చరంగు రేకు పెట్టె, చిన్న తాళం. నాలుగు నెలలకు నాలుగు గుడ్డసంచులు, ఒక్కోదానికి ఒక్కో రంగు దారం. వాంతులైతే ఏం చేయాలి, కళ్ళు పచ్చబడితే ఏ దారిన ఆసుపత్రికి రావాలి, అన్నీ బొమ్మలు గీసి పెట్టాను. నాకు తెలిసినంతలో నేను చేసిన చక్కటి పని అదే.

మర్నాడు పదకొండూ ఇరవైకి ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. రెండో నెల తెమడ పరీక్ష శుభ్రంగా ఉందన్నాడు డాక్టరు. ఇక ఎవరికీ అంటదు, దూరం పెట్టక్కర్లేదు, మాత్రలు మాత్రం పూర్తి చేయించమన్నాడు. రిజిస్టరులో రాశాను. టైము వేశాను. సంతకం పెట్టాను.

సాయంత్రం నాలుగింటికి డేరా దగ్గర పెట్టె ఇచ్చాను. గంటసేపు ఒక్కో సంచీ తీసి చూపించాను. ఆమె చేత తిరిగి చెప్పించాను. రెండుసార్లు తాళం తీయించాను. ఖాలా తాళంచెవిని ముసుగు కొసకు కట్టుకుంది. తెల్లారి వాళ్ళు కదిలిపోయారు.

ఆ నాలుగు నెలలు ఆరూ నలభైకి రేడియోలో గరగర తప్ప ఏమీ రాలేదు. ఆపరేటరు ఆ టైముకు కుర్చీ వదిలేవాడు కాదు. "అలవాటైంది అన్నా, ఏం జేస్త," అనేవాడు. డ్రైవరు పదిహేను రోజులకోసారి సొంత పికప్‌లో వాళ్ళ వైపు వెళ్ళొచ్చేవాడు. వచ్చిన ప్రతిసారీ నేను మాత్రల సంగతి అడిగేవాణ్ణి. ఏ రంగు సంచీ, ఎన్ని మిగిలాయి, మూత్రం రంగు. అన్నీ సరిగ్గా చెప్పేవాడు. ఒక్క మాత్ర తేడా రాలేదు. నేను తృప్తిగా రాసుకునేవాణ్ణి.

జూన్‌లో కోర్సు పూర్తయింది. చివరి తెమడ తీసుకోవాలి. మా సెలవు రోజున డ్రైవరు పికప్‌లోనే బయల్దేరాం, ముగ్గురం. సీనియర్ సెలవు నుంచి ఎప్పుడో తిరిగొచ్చాడు. పొద్దున అయిదుకు ప్రయాణం. నీళ్ళు నలభై లీటర్లు, స్టెప్నీలు మూడు, తెమడ డబ్బాలు రెండు. తొమ్మిదీ యాభైకి చేరాం. ఎండ నలభై నాలుగు. సముద్రపు గాలి కొడుతోంది. రెండు తుమ్మచెట్ల మధ్య గుడ్డ కట్టి నీడ చేసుకున్నారు.

యాభై గజాల దూరంలో ఆగాం. కూతురు ఎదురొచ్చింది. చాప వేసింది. ఖాలా బాగా కోలుకుంది. నడకలోనే తెలుస్తోంది. పది అడుగుల అవతల కూర్చుని, పచ్చపెట్టె తాళం తీసి, ఖాళీ అట్టలు దారాలతో కట్టి చూపించింది. లెక్క చూశాను. అన్నీ ఉన్నాయి. నా గుండె నిండిపోయింది.

ఏ కబురూ లేదు, అంతా క్షేమం అన్నాం. ఖర్జూరం వచ్చింది. కాఫీ కాగుతోంది.

పాపకు అప్పటికి ఎనిమిది నెలలు. చాప మీద వదిలితే బరబరా పాకుతోంది. తల్లిని దాటి, మమ్మల్ని దాటి, నేరుగా ఖాలా వైపు వెళ్ళింది. మూడడుగులు పోయిందో లేదో, ఖాలా లేచింది. బట్టలు ఎత్తిపట్టుకుని వెనక్కి నడిచింది. మళ్ళీ కూర్చుంది. పాప ఆగి, చూసి, మళ్ళీ పాకింది. ఖాలా మళ్ళీ లేచింది. మళ్ళీ వెనక్కి. ఎండలోకి వెళ్ళిపోయింది. అక్కడ కూర్చుంది.

నేను నవ్వాను. మనవరాలితో ఆట బాగుందే అన్నాను డ్రైవరుతో.

అతను నా వైపు వింతగా చూశాడు.

"ఆట కాదు. నీ ఆర్డరు."

నాకు వెంటనే అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. రిజిస్టరులో రాసిన వాక్యం, పక్కన వేసిన టైము కళ్ళ ముందు నిలిచాయి. దూరం పెట్టక్కర్లేదు. ఆ మాట నాకు తెలుసు, డాక్టరుకు తెలుసు, రిజిస్టరుకు తెలుసు. పెట్టె ఇచ్చిన గంటలో సంచులు, దారాలు, తాళం, అన్నీ చెప్పాను. ఇది చెప్పలేదు. సైన్యంలో ఇచ్చిన ఆర్డరు రద్దు చేసేదాకా నడుస్తుంది. అది నాకు ఎవరూ నేర్పక్కర్లేదు. అయినా నా ఆర్డరును నేనే మర్చిపోయాను. ఆమె మర్చిపోలేదు.

కాఫీ ఇంకా రాలేదు. చెడ్డ కబురు కాఫీకి ముందు చెప్పకూడదు. నేను లేచి నిలబడ్డాను. సీనియర్ నా చెయ్యి పట్టుకోబోయి, నా మొహం చూసి వదిలేశాడు.

"ఖాలా, ఆ పది అడుగుల ఆర్డరు అయిపోయింది. మీరు కదిలే ముందురోజే అయిపోయింది. పాపను ఎత్తుకోవచ్చని డాక్టరు చెప్పాడు. నేను మీకు చెప్పలేదు. మర్చిపోయాను."

డ్రైవరు తర్జుమా చేశాడు. కూతురు చేతిలో కాఫీ కూజా అలాగే ఆగిపోయింది. ఖాలా ఎండలో కూర్చునే ఉంది. ముసుగులోంచి కళ్ళు మాత్రమే కనిపిస్తాయి. ఆ కళ్ళు నా మీదే ఉన్నాయి.

"అస్కరీ," అంది చివరికి. "మాత్రల గురించి ప్రతిసారీ అడిగి పంపావు. పాప గురించి ఒక్కసారి అడిగి ఉంటే మా వాడే చెప్పేవాడు కదా."

నిజమే.

ఆమె లేచింది. మెల్లగా నడిచి వచ్చింది. చాప అంచున ఆగిపోయిన పాప ముందు కూర్చుని, రెండు చేతులతో ఎత్తి ఒళ్ళో పెట్టుకుంది. పాప గుక్కపట్టి ఏడ్చింది. ఎనిమిది నెలల పిల్ల. ఎప్పుడూ దూరంగా కనిపించే నల్లటి ముసుగు ఒక్కసారిగా దగ్గరకొచ్చేసరికి హడలిపోయింది. తల్లి కోసం చేతులు చాచింది. కూతురు లేవబోయింది. ఖాలా తల అడ్డంగా ఊపింది. పాపను గుండెకు అదుముకుని, ఊపుతూ, వాళ్ళ భాషలో ఏదో చెబుతూ కూర్చుంది. కూతురు కాఫీ పోసింది. పాప ఏడుస్తూనే ఉంది. మూడు గిన్నెలూ తాగాం. నాకు ఏడుపు ఆగలేదు. తుడుచుకోలేదు కూడా.

తెమడ తీసుకుని పన్నెండున్నరకు బయల్దేరాం. క్యాంపు చేరాక ఆపరేటరు ఎదురొచ్చి, ఖాలా ఎట్లున్నదన్నా అని అడిగాడు. బాగుందని చెప్పి క్యాబిన్‌లోకి వెళ్ళిపోయాను.

ఎనిమిది రోజులకు రిపోర్టు వచ్చింది. జబ్బు పూర్తిగా నయమైంది. ఆ కాగితాన్ని రిజిస్టరులో పెట్టలేదు. డ్రైవరును ఆ రోజే పంపించి, చదివి వినిపించమన్నాను. వినిపించి వచ్చాడు. పాప ఆమె ఒళ్ళో కూర్చుంటోందా అని అడిగాను. కాసేపు కూర్చుంటుంది, తర్వాత అమ్మ కావాలంటుంది అన్నాడు.

జూలైలో నా డ్యూటీ అయిపోయింది. మస్కట్ నుంచి హైదరాబాదు, అక్కడి నుంచి రైల్లో ఒంగోలు. స్టేషన్లో మా ఆవిడ, పిల్లలు వచ్చారు. చర్చిలో సాక్ష్యం చెప్పమన్నారు పాస్టరుగారు. ఎడారిలో ఒక మనిషిని బతికించావట కదా అన్నారు. చెప్పలేదు. బతికిన మాట నిజమే, దాని గురించి నేను నిలబడి చెప్పుకోలేను.

ఇప్పుడు ఇక్కడ ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేస్తున్నాను. ఏ రోగికైనా ఏది చేయొద్దని చెప్పినా, ఎప్పటిదాకా వద్దో కూడా చెప్తాను. గడువు తేదీన నేనే ఫోన్ చేస్తాను. నా చాదస్తం చూసి తోటి నర్సులు నవ్వుకుంటారు.

మంచాల మీద, పోస్టుల్లో, అంబులెన్సుల్లో చాలా చూశాను. చాలావరకు చెరిగిపోయాయి. ఇది పోదు. తెల్లటి కంకర నేల, పది గంటల ఎండ. పాప చేతులు ముందుకు వేసి పాకుతూ వస్తోంది. ఒక ముసలామె లేచి, బట్టలు ఎత్తిపట్టుకుని, మనవరాలి వైపే చూస్తూ, ఒక్కో అడుగూ వెనక్కి వేస్తోంది.